తగ్గినవాళ్ళు

ముత్యాలరావుకు జబ్బు తగ్గిపోయిందన్న కబురు విని సంతోషించని మనిషి ఆ కుటుంబం మొత్తానికి ఒక్కతే ఉంది. ఆ మందు కనిపెట్టింది కూడా ఆవిడే.

"నిన్న సాయంత్రం సన్నాయి తీసి గంటసేపు వాయించేరు తాయారూ! వీధిలోవాళ్ళంతా అరుగుల మీదకొచ్చి కూచున్నారు. నీది మందు కాదమ్మా, అమృతం," అంది ఫోన్లో వదిన నూకరత్నం.

కాకినాడలోని ప్రయోగశాలలో తెల్లకోటు తొడుక్కుంటున్న డాక్టర్ మంగతాయారు, ఒక చెయ్యి లోపలా ఒక చెయ్యి బయటా ఉండగానే ఆగిపోయింది.

"అన్నయ్యకి సూదులెన్నయ్యాయి వదినా?"

"మూడు."

"పద్నాలుగు వేయించాలని లక్షసార్లు చెప్పాను కదా!"

"తగ్గిపోయేక సూదులెందుకే? ఆ సూదేస్తే రెండ్రోజులు కాలు కింద పెట్టలేకపోతున్నారు. అయినా మేం మానేసేం అనుకుంటున్నావా ఏంటి? ఆసుపత్రిలో నర్సమ్మే చెప్పింది. తగ్గినోళ్ళకి సూదులు ఆపెయ్యమని పైనుంచి కాయితం వచ్చిందంట."

ఆ కాగితం సంగతి తాయారుకు అప్పటిదాకా తెలియదు. మందు కనిపెట్టిన మనిషికి తప్ప రాష్ట్రంలో అందరికీ అందినట్టుంది.

ఆ జబ్బుకు డాక్టర్లు పెట్టిన పేరు పలకాలంటే నోరు తిరగదు. జనం బూడిదగొంతు అన్నారు, అదే నిలిచింది. పాత కంఠసర్పికి, అదే డిఫ్తీరియాకు, దగ్గర చుట్టం. గొంతులో బూడిదరంగు పొర కట్టి ఊపిరి ఆడనివ్వదు. పాత టీకాలేవీ దీనికి పనిచెయ్యలేదు. అయితే మనిషిని చంపేది బాక్టీరియా కాదు, అది గొంతులో కూర్చుని వదిలే విషం. ఆ విషంలో రెండు ముక్కలుంటాయి. ఒకటి కణం తలుపు తట్టి తీయిస్తుంది. రెండోది సందు చూసుకుని లోపలికి దూరి పొయ్యి ఆర్పేస్తుంది. ఇక ఆ కణం తనకు కావలసింది వండుకోలేదు, మాడి చచ్చిపోతుంది. ఒక కణానికి విషం ఒక్క రేణువు చాలు.

తాయారు పదకొండేళ్ళు కష్టపడి తయారుచేసింది ఉత్త తలుపుల్ని. కంటికి కనిపించని బుడగలు, ఒక్కోదానికి వేల తలుపులు, లోపల ఇల్లూ లేదు, పొయ్యీ లేదు. విషం వచ్చి ఆ తలుపు తట్టి లోపలికి పోతుంది, ఆర్పడానికి ఏమీ లేక అక్కడే పడి ఉంటుంది. సహాయకురాలు రహీమా మొట్టమొదటిసారి సూక్ష్మదర్శినిలో వాటిని చూసి, "కొత్తింటికి కట్టే దిష్టిబొమ్మల్లా లేవూ మేడమ్? తగలాల్సిందంతా వీటికే తగుల్తోంది," అంది. ప్రయోగశాలలో అప్పట్నుంచీ వాటి పేరు దిష్టిబొమ్మలే. రోజుకు మూడుసార్లు గొంతులో కొడితే, పోతాడనుకున్న మనిషి మూడోరోజుకు అన్నం పెట్టమంటాడు.

కానీ దిష్టిబొమ్మ బాక్టీరియాను చంపదు. దాన్ని చంపడానికే ఆ పద్నాలుగు సూదులు. సూదులు లేకపోతే మనిషీ హాయిగా ఉంటాడు, వాడి గొంతులో అదీ హాయిగా ఉంటుంది. ఈ ముక్కను తాయారు చెప్పని సభ లేదు, రాయని పత్రిక లేదు. మరి ఆ కాగితం ఎలా పుట్టింది?

మధ్యాహ్నానికి తెలిసింది. పాత నివేదిక తీయించి పేజీలు తిరగేస్తుంటే నలభై మూడో పేజీలో దొరికింది. మందు ఇచ్చి చూసిన వెయ్యిమందిలో తొమ్మిదివందల ఎనభైమంది 'పూర్తిగా నయమైనవారు' అని ఇంగ్లీషులో ఉంది. ఆ అంకె ఎక్కడిదని వెనక్కి వెళ్తే నర్సులు నింపిన తెలుగు ఫారాలు తేలాయి. అందులో ఏడో ప్రశ్న: 'జబ్బు తగ్గిందా? అవును / కాదు.'

ఆ ప్రశ్న రాసింది తాయారే. రెండేళ్ళ కిందట ఒక ఆరోగ్యకేంద్రం వరండాలో నర్సులతో కలిసి కూర్చుని, పుస్తకాల భాష వద్దు, నలుగురూ మాట్లాడేమాట రాద్దామని పట్టుబట్టి మరీ రాసింది. నలుగురూ మాట్లాడేమాటే అది. జ్వరం నూట నాలుగు నుంచి నూట రెండుకు దిగినా తగ్గిందంటాం, ఒంట్లోంచి పూర్తిగా పోయినా తగ్గిందంటాం. ఆవిడ మొదటి అర్థంలో అడిగింది. రాజధానిలో ఎవరో కుర్చీలో కూర్చుని రెండో అర్థంలో ఇంగ్లీషు చేశారు. ఆ నివేదిక ప్రతి పేజీ కిందా తాయారు సంతకం ఉంది. అప్పుడు ప్రయోగశాల అధ్యాయాలు మాత్రం అక్షరం అక్షరం చదివి, అంకెల అధ్యాయం ఇదివరకు చూసిందేలే అనుకుని సంతకాలు గిలికేసింది. తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

ఆరోగ్యశాఖ సంచాలకుడు సోమయాజులు మర్యాదస్తుడు. కోపం రాదు, పని కూడా కాదు.

"ఒక్క మాట కోసం రాష్ట్రమంతా మళ్ళీ సూదులు మొదలుపెట్టమంటావా తాయారమ్మా?"

"ఒక్క మాట కోసమే ఆపేశారు కదండీ సార్."

"ఆ సూదులు వేయించుకోలేక జనం నానా తిట్లూ తిట్టారు. ఆపితే దండాలు పెడుతున్నారు. ఇప్పుడు మళ్ళీ వెయ్యాలంటే కారణం చూపించాలి. తగ్గినవాళ్ళ దగ్గర్నుంచి ఇంకొకరికి అంటుకున్నట్టు ఒక్క కేసైనా ఉందా?"

"ఎలా ఉంటుంది సార్? తగ్గినవాళ్ళ గొంతు ఎవరూ చూడరు కదా."

"నివేదిక మీద సంతకం ఎవరిదమ్మా?"

"నాదే."

"మరి?"

తాయారు తన గదికి వచ్చి తలుపేసుకుని, ఎవరికీ వినపడకుండా పళ్ళు నూరింది. తర్వాత వారంరోజుల్లో ఏడు ఉత్తరాలు రాసింది. ఒకదానికి జవాబొచ్చింది. 'మీ లేఖ అందినది' అని ఉంది అందులో.

ఆదివారం పెద్దాపురం బయల్దేరింది. రాష్ట్రం మాట అటుంచి ముందు సొంత అన్నయ్యకైనా మిగతా పదకొండు సూదులు వేయించాలి. దారిలో ఆరోగ్యకేంద్రం దగ్గర దిగి అడిగితే నర్సు రిజిస్టరు తిప్పి చూపించింది.

"ఆయన పేరు తగ్గినవాళ్ళలో ఉందండి. వీళ్ళకి సూది వేస్తే నాకు మెమో ఇస్తారు. ఫారం మీరు రాసిందే కదా మేడమ్, మీకు తెలీనిదేముంది?"

ముత్యాలరావు ఇంటి చావడిలో పదకొండుమంది శిష్యులు వరసగా కూర్చున్నారు. అందరికంటే ముందు కూర్చున్నది ఆయన కూతురు, పదహారేళ్ళ ఆభేరి, ఇంట్లోవాళ్ళకు అమ్మలు. ఆడపిల్ల సన్నాయి పట్టడమేమిటని బంధువులు మూతులు తిప్పారు. ముత్యాలరావు లెక్కచెయ్యలేదు. వైశాఖంలో కోవెల కల్యాణానికి ఆ పిల్ల మొదటిసారి తండ్రి పక్కన కూర్చుని వాయించాలి. ఆ ఏర్పాటు ఊరంతటికీ తెలుసు.

సన్నాయి కొసన పెట్టే రెల్లు పీక ఎండితే పలకదు. దాన్ని నోట్లో నానబెట్టాలి, పెదాలతో నొక్కి అదును చెయ్యాలి, ఒకసారి ఊది చూడాలి. శిష్యుల పీకలన్నీ గురువే నోట్లో పెట్టుకుని సరిచేసి ఇవ్వడం ఆ ఇంట్లో తాతల నాటి పద్ధతి. తాగిన గ్లాసు కడగకుండా ఇంకొకరికి ఇవ్వని ఇల్లు అది. పక్కవాడి విస్తరి మీద చెయ్యి పడితే లేచి చేతులు కడుక్కునే మనుషులు. పీకకు మాత్రం ఎంగిలి లేదు. గురువు నోట తడవందే శిష్యుడికి స్వరం పలకదని వాళ్ళ నమ్మకం. తాయారు గుమ్మంలో చెప్పులు విప్పుతున్న సమయానికి ముత్యాలరావు దవడలో ఒక పీక ఉంది, చేతిలో ఇంకో మూడు ఉన్నాయి.

"నోట్లోది తియ్యి అన్నయ్యా!"

"ఏంటే, వచ్చీ రాగానే పోలీసులాగ?"

"నీ గొంతులో జబ్బింకా ఉంది."

"ఉంటే నొప్పి ఉండాలా వద్దా? జొరం ఉండాలా వద్దా? పొద్దున్నే ఆరిడ్లీలు తిన్నాను, మీ వదిన్నడుగు."

"నీకు లేదు. నీ గొంతులో ఉంది."

"నా గొంతు నాది కాకపోతే పక్కింటి సత్తిరాజుదేంటే?"

పిల్లలు పగలబడి నవ్వారు. ఆభేరి కూడా నవ్వి, మేనత్త ముఖం చూసి ఆపేసుకుంది. తాయారుకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్ళో ఆవిడ ప్రసంగం వినడానికి విమానాలెక్కి వస్తారు. సొంత అన్నయ్య ఇంట్లో ఆవిడ ఇంకా తోక జడల తాయారే.

"నోరు తెరువు," అంది సంచీలోంచి దూదిపుల్ల తీస్తూ.

ముత్యాలరావు నోరు తెరిచి, శ్రుతి తప్పకుండా 'ఆ' అన్నాడు. పిల్లలు మళ్ళీ నవ్వారు. గొంతు లోపల శుభ్రంగా ఎర్రగా ఉంది. ఒక్క మచ్చ లేదు. కంటికి అంత బాగా కనిపించడమే ఆవిడ గుండెల్లో రాయి వేసింది.

"దీని సంగతి తేలేదాకా పీకలు నోట్లో పెట్టనని చెప్పు."

"సర్లేవే, నీళ్ళలో నానబెట్టిస్తాను. ముందు అన్నం తిను. వంకాయ కారం పెట్టి వండింది మీ వదిన."

నిలబెట్టుకోలేని మాట ఇచ్చేటప్పుడు అన్నయ్య కళ్ళు ఎటు చూస్తాయో చిన్నప్పట్నుంచీ తాయారుకు తెలుసు. అవి పెరటి వైపు చూస్తున్నాయి. అక్కడే కూర్చుని కాపలా కాయడం కుదరదు కదా. అన్నం తిని, దూదిపుల్ల పట్టుకుని బస్సెక్కింది.

అయిదోరోజుకు గాజుపళ్ళెంలో నల్లటి చుక్కలు మొలిచాయి. ఆవగింజలు చల్లినట్టు పళ్ళెం నిండా ఉన్నాయి. ఉంటాయని తాయారుకు తెలుసు. తెలియనిది ఆ తర్వాత జరిగింది.

రహీమా ఆ చుక్కలు వదిలిన విషం తీసి దిష్టిబొమ్మల మీద పోసింది. మామూలుగా ఆ బుడగలు ఒక రోజంతా విషాన్ని తాగుతూ కూర్చుంటాయి. ఇవి ముప్పావుగంటలో ఉబ్బి, టపటపా పగిలిపోయాయి. మింగిన విషమంతా మళ్ళీ బయటపడింది. పక్కనే ఉన్న మామూలు కణాలు సాయంత్రానికి ఒక్కటి మిగలలేదు.

"మందు పాడైందేమో మేడమ్."

"మందు బాగానే ఉంది. ఇది వేరే రకం."

"ఇంత విషం ఎక్కడ్నుంచి తెచ్చుకుంది ఇది?"

తాయారు స్టూలు మీద కూలబడింది. బాక్టీరియా మనిషి కణాలను చంపేది సరదాకి కాదు, చచ్చిన కణంలోంచి కారేదే దానికి తిండి. అన్నయ్య గొంతులో దిష్టిబొమ్మలు విషాన్ని మింగేస్తుంటే, కొద్దిగా విషం వదిలేవి తిండి లేక చచ్చాయి. దిష్టిబొమ్మలు మింగగా ఇంకా మిగిలేంత వదిలేవి ఎక్కడో రెండో మూడో ఉంటాయి. అవి బతికి పిల్లల్ని పెట్టాయి. మందు ఆపాక అవి అక్కడే తిష్ఠ వేశాయి. సూదులు పడి ఉంటే ఇదంతా మొదట్లోనే తుడిచిపెట్టుకుపోయేది. ముత్యాలరావు ఒకసారి ఆ జబ్బు పడి లేచిన మనిషి, ఒంట్లో దానికి విరుగుడు పుట్టింది కాబట్టి తన మట్టుకు తట్టుకుంటున్నాడు. ఆయన నోటినుంచి వెళ్ళింది ఎవరి గొంతులో పడితే వాళ్ళకు దిష్టిబొమ్మ పనిచెయ్యదు.

"మన మందే దాన్ని పెంచి పోషించింది రహీమా," అంది.

ఫోను మోగింది. నూకరత్నం గొంతు ఎప్పటిలా లేదు.

"అమ్మలుకి నిన్నట్నుంచీ జొరం తాయారూ. గొంతులో పొర కనిపిస్తోంది. నీ మందు కొడతానే ఉన్నాం. తగ్గట్లేదేంటే?"

ప్రయోగశాల ఫ్రిజ్‌లో పరీక్షల కోసం దాచిన సూదిమందు సీసాలుంటాయి. వాటికి అనుమతి కావాలి, మూడు సంతకాలు కావాలి. తాయారు వాటినన్నిటినీ ఐసుపెట్టెలో సర్దుకుని బయటికి నడిచింది. ఎవరైనా అడ్డొస్తే ఏం చేసేదో ఆవిడకే తెలియదు, ఎవరూ రాలేదు.

ఆభేరిని కాకినాడ పెద్దాసుపత్రిలో చేర్చారు. అదే రోజు సూదులు మొదలయ్యాయి. "ఇంట్లో అందరికీ వెయ్యాలి, ఇదీ పద్ధతి," అని చెప్పి ముత్యాలరావుకూ నూకరత్నానికీ కూడా వేయించింది. శిష్యులందరి గొంతుల్లోంచీ దూదిపుల్లలతో తీసి పెంచితే నలుగురి పళ్ళేల్లో నల్లచుక్కలు మొలిచాయి. పొర కట్టకముందే వాళ్ళకూ సూదులు పడ్డాయి. కారణం మాత్రం ఎవరికీ చెప్పలేదు. ముత్యాలరావు కూతురి మంచం పక్కన కూర్చుని, "ఇదెక్కడ తగులుకుందే దీనికి? గుమ్మం దాటి ఎళ్ళే పిల్ల కాదే!" అని రోజుకు పదిసార్లు అడిగేవాడు. అడిగిన ప్రతిసారీ తాయారు సెలైన్ సీసా వైపు చూసేది.

సూది బాక్టీరియాను చంపింది. అప్పటికే కణాల్లో దూరిన విషాన్ని బయటికి లాగే మందు ఈ భూమ్మీద లేదు. అది ఎంతవరకు వెళ్తే అంతవరకు వెళ్తుంది, చూస్తూ కూర్చోవాలి. పదకొండేళ్ళ చదువూ చూస్తూ కూర్చోవడానికే పనికొచ్చిందని తాయారు లోలోపల ఉడికిపోయింది. ఎనిమిదో రోజు గుండె లయ తప్పింది, పదోరోజుకు సర్దుకుంది. పిల్ల బతికిందన్నారు డాక్టర్లు. నూకరత్నం నర్సు చేతులు పట్టుకుని ఏడ్చింది.

పదహారో రోజు ఆభేరి మంచినీళ్ళు తాగితే ముక్కులోంచి కారాయి.

మాట కూడా ముక్కులోంచే వస్తోంది. మింగేటప్పుడూ మాట్లాడేటప్పుడూ ముక్కు దారిని మూసే మెత్తటి అంగిలి ఒకటి లోపల ఉంటుంది. విషం దాన్ని కదిలించే నరాన్ని పట్టుకుంది. పిల్ల సన్నాయి కావాలని సైగ చేసింది. వద్దంటే మొండికేసింది. తండ్రి తెచ్చిన సన్నాయిని పెదాలకు ఆనించి, ఉన్న బలమంతా పెట్టి ఊదింది. గాలి మొత్తం ముక్కులోంచి పోయింది. పీక పలకలేదు. మళ్ళీ ఊదింది. నాలుగోసారి సన్నాయిని పక్కమీద పెట్టి గోడవైపు తిరిగి పడుకుంది.

"వస్తుందా అత్తా?" అని గోడతోనే అడిగింది.

"పాత కంఠసర్పిలో నెలలమీద వచ్చేసేదమ్మా. ఇందులో... నాకు తెలీదు. ఎవరికీ తెలీదు."

ఆ తెలియదన్న మాట నోట్లోంచి రావడం కంటే నాలుక తెగిపోవడం నయమనిపించింది తాయారుకు.

సోమయాజులు ఈసారి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నల్లచుక్కల ఫోటోలు, పగిలిన దిష్టిబొమ్మల ఫోటోలు, అయిదుగురు పిల్లల కాగితాలు అన్నీ చూశాడు.

"ఇది చాలమ్మా. కమిటీకి రేపే పంపిస్తాను. సూదులు మళ్ళీ మొదలవుతాయి, పూచీ నాది. ఒక్కటే తక్కువ," అంటూ ఒక ఫారం తీసి ముందు పెట్టాడు. అడుగున ఒక గీత ఉంది. దాని పక్కన 'వ్యాధి ఎవరి నుండి సంక్రమించినది: పేరు, సంతకం' అని అచ్చువేసి ఉంది. "తగ్గిన మనిషి తనంతట తాను ఒప్పుకుని సంతకం చెయ్యాలి. అది లేకపోతే కమిటీవాళ్ళు, ఎక్కడో బయట అంటుకుందని కొట్టిపారేస్తారు. వాళ్ళ సంగతి నీకు తెలుసు. సిరాతో రాయించు, నకలు పనికిరాదు."

"ఆయన ఆ పిల్ల తండ్రి సార్."

"తెలుసు తాయారమ్మా," అన్నాడు సోమయాజులు. ఈసారి 'మరి' అనలేదు.

సంతకం అడక్కపోతే అన్నయ్యకు ఎప్పటికీ తెలియనక్కర్లేదు. రాష్ట్రంలో తగ్గినవాళ్ళు నలభైవేలమంది ఉన్నారు. వాళ్ళలో బడిపంతుళ్ళుంటారు, చంటిపిల్లల తల్లులుంటారు. రెండు రోజులు ఫారాన్ని సంచీలో పెట్టుకుని తిరిగింది. ఎవరిమీద చూపాలో తెలియని కోపం, ఆఖరికి బస్సు కండక్టరు మీద చూపించింది.

మూడోరోజు మధ్యాహ్నం ఆసుపత్రి వరండాలో ముత్యాలరావు బల్లమీద ఒక కాలు చాపుకుని కూర్చున్నాడు. పొద్దున్నే పద్నాలుగో సూది వేశారు. తాయారు పక్కన కూర్చుని, దాచకుండా, నీళ్ళు నమలకుండా అంతా చెప్పింది. దిష్టిబొమ్మల సంగతి, నల్లచుక్కల సంగతి, పీకల సంగతి.

ముత్యాలరావు చాపిన కాలిని రెండు చేతులతో ఎత్తి కిందికి దించుకున్నాడు.

"నీళ్ళలో నానబెడతానన్నాను కదే నీకు," అన్నాడు. "పెట్టేను. రెండ్రోజులు పెట్టేను. నీళ్ళలో పీక అదునుకి రాలేదు. కల్యాణం దగ్గరకొచ్చేస్తంది, పిల్లదానికి స్వరం బొంగురుపోతందని... ముందు దానిదే నోట్లో పెట్టుకున్నాను."

తాయారు అన్నయ్య చెయ్యి పట్టుకుంది. ఆయన విదిలించుకున్నాడు.

"తగ్గిందంటే తగ్గిందనే అనుకుంటాడు కదే మనిషి! ఎవరన్నారు తగ్గిందని? మీరు కాదూ? ఫారమెవరు రాసేరు? మందెవరు చేసేరు?" గొంతు పెరిగి, వరండాలో జనం తలలు తిప్పారు. ఫారం లాక్కుని చూశాడు. "ఎవరి నుంచి సంక్రమించిందీ అంట! ఇక్కడ నా పేరే రాయాలేంటి? నీ పేరు రాయడానికి చోటేదే ఇందులో?"

చోటు లేదు. గీత ఒక్కటే ఉంది.

తాయారు కళ్ళు తుడుచుకోలేదు. కాగితం తీసుకుని బల్లమీద పెట్టి, అచ్చుగీత కింద చేత్తో ఇంకో గీత గీసింది. దానిమీద తన పూర్తి పేరు రాసి, సంతకం చేసి, పెన్ను అన్నయ్యకు ఇచ్చింది. ఇలా అదనపు గీతలు గీసిన ఫారం తిప్పికొడతారేమోనన్న ఆలోచన వచ్చింది. తిప్పికొడితే మళ్ళీ గీస్తాను, చచ్చేదాకా గీస్తూనే ఉంటాను అనుకుంది.

ముత్యాలరావు ఆ రెండు గీతల వంకా చూశాడు. పై గీత మీద అక్షరం అక్షరం కూడబలుక్కుని పేరు రాశాడు. పెన్ను తడి ఎక్కువై సిరా ముద్దగా పడింది. ఆరడం కోసం ఊదబోయి కాగితాన్ని నోటి దగ్గరికి తెచ్చుకున్నవాడల్లా ఆగిపోయాడు. పెదాలు బిగించి, దాన్ని చేతులు చాచినంత దూరంగా పట్టుకున్నాడు.

"నువ్వూదవే," అన్నాడు.